పసుపు కార్డు, ఎర్ర కార్డు తెచ్చిన బడిపంతులు: కెన్ ఆస్టన్

ఫుట్‌బాల్ అంతగా చూడని వాళ్ళకి కూడా ఎర్ర కార్డు అంటే తెలుసు. రిఫరీ జేబులోంచి కార్డు తీసి చెయ్యి పైకెత్తాడంటే ఇక ఆ ఆటగాడు మైదానం వదిలి పోవాల్సిందే. పసుపు కార్డు అయితే హెచ్చరిక. అదే మ్యాచిలో అదే ఆటగాడికి రెండోసారి పసుపు పడితే వెనకాలే ఎరుపు కూడా వస్తుంది. ఈ పద్ధతి ఫుట్‌బాల్ పుట్టినప్పటి నుంచీ ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1970కి ముందు ప్రపంచ కప్పులో కార్డు అనేదే లేదు. ఆ రెండు రంగుల్ని ఆటలోకి తెచ్చినాయన ఇంగ్లండ్‌లో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. ఆయన పేరు కెన్ ఆస్టన్. మనలో చాలామంది పుట్టకముందే, 2001లో ఆయన పోయారు.

తెలుగు శాఖ గోడపత్రికలో ఫుట్‌బాల్ రిఫరీకి ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆయన జీవితంలో పెద్ద మలుపులు రెండూ భాష దగ్గరే వచ్చాయి. మనకి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు. ఒకరు చెప్పింది మరొకరికి సగమే అందితే ఎంత గొడవ అవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి గొడవ అరవై వేల మంది ముందు, రెండు దేశాల మధ్య జరిగితే? దానికి ఆస్టన్ వెతికిన పరిష్కారమే ఈ వ్యాసం.

బడి, సైన్యం, విజిల్

కెనెత్ జార్జ్ ఆస్టన్ 1915 సెప్టెంబరు 1న ఇంగ్లండ్ తూర్పు వైపున ఎసెక్స్ ప్రాంతంలోని కోల్చెస్టర్ పట్టణంలో పుట్టారు. ఎక్సెటర్‌లోని సెయింట్ ల్యూక్స్ కాలేజీలో చదువుకుని ఉపాధ్యాయుడయ్యారు. 1936లో రిఫరీగా అర్హత సంపాదించారు. అప్పట్లో రిఫరీ పని పూర్తికాలం ఉద్యోగం కాదు. ఒకరు గుమాస్తా, ఒకరు దుకాణదారు, ఒకరు పంతులు. వారమంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని, సెలవు రోజున విజిల్ పట్టుకుని మైదానానికి వెళ్ళేవాళ్ళు. ఆస్టన్ కూడా అంతే. చివరిదాకా ఆయన అసలు వృత్తి బడే.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చీలమండకి దెబ్బ తగిలి ఉండటంతో వైమానిక దళం ఆయన్ని తీసుకోలేదు. ఫిరంగి దళంలో చేరారు. అక్కణ్ణుంచి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి, అంటే మన దేశపు సిపాయిలు పనిచేసిన సైన్యానికి, బదిలీ అయ్యారు. యుద్ధం ముగిసేనాటికి లెఫ్టినెంట్ కల్నల్ హోదాకి చేరారు. తర్వాత సింగపూర్‌లోని చాంగీలో జరిగిన యుద్ధ నేరాల విచారణ మండలిలో కూడా పనిచేశారు. జపాన్ సైన్యం వేలాది మంది యుద్ధఖైదీలను ఉంచిన చోటది. ఎవరు నేరం చేశారు, ఎవరు చెయ్యలేదు అని తేల్చాల్సిన విచారణ. ముప్పై ఏళ్ళ వయసులో అలాంటి చోట కూర్చుని వచ్చిన మనిషికి ఫుట్‌బాల్ మైదానంలో ఫౌల్ తేల్చడం చిన్న పనిగా అనిపించి ఉండాలి. ఆయన మాత్రం దాన్ని చిన్న పనిగా చూడలేదు.

1946లో ఇంగ్లండ్ తిరిగి వచ్చి మళ్ళీ విజిల్ పట్టారు. వస్తూనే ఒక మార్పు చేశారు. అంతవరకు రిఫరీలు కోటు వేసుకుని ఆట నడిపించడం మామూలు. 1930 తొలి ప్రపంచ కప్పు ఫైనల్ నడిపిన బెల్జియం రిఫరీ జాన్ లాంగెనస్ అయితే కోటుతో పాటు టై కూడా కట్టుకుని పరిగెత్తారు. ఆస్టన్ నల్లటి దుస్తులకి తెల్లటి అంచు పెట్టి వేసుకున్నారు. కొన్నాళ్ళకి అదే రిఫరీల యూనిఫాం అయిపోయింది. మైదానంలో ఇరవై రెండు మంది పరిగెడుతుంటే వాళ్ళలో రిఫరీ ఎవరో ఒక్క చూపులో తెలియాలి కదా.

మరుసటి ఏడాది జెండాల సంగతి పట్టుకున్నారు. మైదానం అంచున ఇద్దరు లైన్స్‌మెన్ జెండా ఊపుతూ రిఫరీకి సహాయం చేస్తారు. అప్పట్లో ఆ జెండాలు ఆతిథ్య జట్టు రంగుల్లో ఉండేవి. ఆ జట్టుది ముదురు రంగు అయితే ఇంగ్లండ్ పొగమంచులో జెండా ఎత్తాడో లేదో కూడా తెలిసేది కాదు. ఆస్టన్ వాటి బదులు మెరిసే పసుపు రంగు జెండాలు పెట్టించారు. ఇవాళ మనం టీవీలో చూసే పసుపు, ఎరుపు జెండాలు ఆ దారిలో వచ్చినవే.

ఈ రెండు మార్పుల్లోనూ ఆయన ఆలోచించే తీరు తెలుస్తుంది. తీర్పు సరిగ్గా ఉంటే చాలదు, అది అందరికీ కనబడాలి. నల్లబల్ల మీద అక్షరం వెనక బెంచీ వాళ్ళకి కూడా కనబడేలా రాయాలని ఏ పంతులికైనా తెలుసు. ఆయన ఆ సంగతిని మైదానానికి తీసుకెళ్ళారు.

1953లో ఇల్‌ఫర్డ్ ప్రాంతంలోని న్యూబరీ పార్క్ ప్రాథమిక పాఠశాలకి హెడ్మాస్టరయ్యారు. మరో పక్క మెట్టుమెట్టుగా ఎదిగి ఇంగ్లండ్ పెద్ద లీగ్ మ్యాచిలూ, ఆపైన అంతర్జాతీయ మ్యాచిలూ నడిపించారు. మనిషి పొడుగరి, నిలువెత్తు విగ్రహం. ఇలా 1962 వచ్చింది.

శాంటియాగోలో ఆ మధ్యాహ్నం

ఆ ఏడాది ప్రపంచ కప్పు దక్షిణ అమెరికాలోని చిలీలో జరిగింది. రెండేళ్ళ ముందే, 1960 మే 22న, ఆ దేశాన్ని 9.5 తీవ్రత గల భూకంపం కుదిపేసింది. యంత్రాలతో కొలిచిన భూకంపాల్లో ఇప్పటికీ అదే అతి పెద్దది. ఆ శిథిలాల మధ్యే చిలీ వాళ్ళు పట్టుదలగా స్టేడియాలు సిద్ధం చేసుకున్నారు. అలాంటి సమయంలో ఇటలీ నుంచి వచ్చిన ఇద్దరు పాత్రికేయులు రాజధాని శాంటియాగో పేదరికం గురించీ, అక్కడి జనం గురించీ చిన్నచూపుగా రాసి తమ దేశపు పత్రికలకి పంపారు. ఆ రాతలు చిలీ పత్రికల్లో మళ్ళీ అచ్చయ్యాయి. ఇంకేముంది, దేశం మొత్తం భగ్గుమంది. రాసినవాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయారు. ఆడాల్సిన వాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయారు.

జూన్ 2న చిలీ, ఇటలీ తలపడ్డాయి. రిఫరీ ఆస్టన్. మూడు రోజుల ముందే చిలీ, స్విట్జర్లాండ్ మ్యాచి ఆయనే నడిపించారు, అది సజావుగానే సాగింది. ఈసారి మాత్రం ఆట మొదలైన 12 సెకన్లకే తొలి ఫౌల్ అయిందని లెక్క. మొదటి పావుగంట లోపే ఇటలీ ఆటగాడు జార్జియో ఫెర్రీని ఒక చిలీ ఆటగాణ్ణి తన్నినందుకు ఆస్టన్ బయటికి పొమ్మన్నారు. అతను కదల్లేదు. రిఫరీది ఇంగ్లీషు, ఆటగాడిది ఇటాలియన్, చుట్టూ అరుస్తున్న జనానిది స్పానిష్. వేలు చూపించి పొమ్మంటే, ఎందుకు పోవాలని అతను చేతులు తిప్పుతున్నాడు. చాలా నిమిషాలు అలాగే గడిచాయి. చివరికి పోలీసులు లోపలికి వచ్చి ఫెర్రీనిని లాక్కుపోవాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి ఆట పక్కకి పోయి కొట్లాట మిగిలింది. తనని కింద పడేసి తన్నిన ఇటలీ ఆటగాడు మారియో డేవిడ్‌ని చిలీ ఆటగాడు లియొనెల్ సాంచెజ్ పిడికిలితో కొట్టాడు. అతని తండ్రి బాక్సర్. ఆస్టన్ అతన్ని పంపెయ్యలేదు. కాసేపటికి డేవిడ్ ఎగిరి సాంచెజ్ మెడ మీద తన్నాడు. ఈసారి డేవిడ్‌ని బయటికి పంపారు. ఇంకోసారి సాంచెజ్ దెబ్బకి ఇటలీ ఆటగాడు ఉంబెర్తో మాస్కియో ముక్కు పగిలింది. అప్పుడు కూడా సాంచెజ్ మైదానంలోనే ఉన్నాడు. పోలీసులు పలుమార్లు లోపలికి రావాల్సి వచ్చింది. చివరికి తొమ్మిది మందితో మిగిలిన ఇటలీ మీద చిలీ 2-0తో గెలిచింది. ఆ మ్యాచికి శాంటియాగో యుద్ధం అనే పేరు పడిపోయింది.

ఆ దెబ్బల్ని తాను చూడలేదనీ, లైన్స్‌మెన్ నుంచి సాయం అందలేదనీ ఆస్టన్ తర్వాత చెప్పుకున్నారు. అది నిజమే కావచ్చు. అయినా ఒక జట్టు వాళ్ళు ఇద్దరు బయటికి పోయి, ముక్కు పగలగొట్టినవాడు చివరిదాకా ఆడాడన్నది కూడా నిజం. ఇటలీ వాళ్ళు ఆయన్ని క్షమించలేదు. ఆ ప్రపంచ కప్పులో ఆయన మళ్ళీ విజిల్ పట్టలేదు. ఇంగ్లండ్‌లో టీవీ వాళ్ళు కొన్ని రోజుల తర్వాత ఆ ఫిల్మ్ వేసి, ఇంత సిగ్గుచేటు ఆట ఎప్పుడూ చూడలేదన్న ధోరణిలో పరిచయం చేశారు. ఆస్టన్ ఇరవై ఆరేళ్ళుగా నడిపించిన ఆటలన్నీ పక్కకి పోయి, ఆ ఒక్క మధ్యాహ్నమే ఆయన పేరు పక్కన నిలిచింది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే మనం ఆయన గురించి చదువుకునేవాళ్ళం కాదు. 1963 మే నెలలో లండన్ వెంబ్లీ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్, లెస్టర్ సిటీ మధ్య జరిగిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కి ఆయనే రిఫరీ. దాదాపు లక్ష మంది చూసిన ఆట అది. ఇంగ్లండ్‌లో ఒక రిఫరీకి అంతకంటే పెద్ద గౌరవం లేదు. సొంత దేశం వాళ్ళకి ఆయన మీద నమ్మకం పోలేదన్నమాట. ఆ తర్వాత ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆయన్ని తన రిఫరీల కమిటీలోకి తీసుకుంది. అందులో ఎనిమిదేళ్ళు ఉన్నారు, నాలుగేళ్ళు అధ్యక్షత వహించారు. 1966, 1970, 1974 ప్రపంచ కప్పుల్లో రిఫరీలందరి బాధ్యతా ఆయనదే.

వెంబ్లీలో నిలబడిపోయిన కెప్టెన్

1966 ప్రపంచ కప్పు ఇంగ్లండ్‌లో జరిగింది. జూలై 23న వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. రిఫరీ పశ్చిమ జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్లైన్. వృత్తికి దర్జీ, పొట్టి మనిషి. అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రాటిన్ ఆజానుబాహువు. తన జట్టు వాళ్ళ పేర్లు రిఫరీ పుస్తకంలో రాసుకుంటున్న కొద్దీ రాటిన్ ఆయన వెంటపడి ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి స్పానిష్ రాదు. ఇతనికి జర్మన్ రాదు. 35వ నిమిషంలో క్రైట్లైన్ అతన్ని బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు.

రాటిన్ కదల్లేదు. చేతికి కట్టుకున్న కెప్టెన్ పట్టీ చూపించి, తాను కెప్టెన్ననీ, మాట్లాడే హక్కు తనకుందనీ, దుబాసీని పిలిపించమనీ సైగలు చేశాడు. అతను అన్నదేమిటో అర్థం కాకపోయినా, ఆ మాటల తీరే తప్పని రిఫరీ తేల్చాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయమో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఆట ఆగిపోయింది. అర్జెంటీనా వాళ్ళంతా గుమిగూడారు. రిఫరీల బాధ్యుడిగా పైన కూర్చున్న ఆస్టన్ దిగి మైదానం దగ్గరికి వచ్చారు. బతిమాలి, నచ్చజెప్పి, ఎలాగో రాటిన్‌ని కదిలించారు. పోతూ పోతూ అతను రాణీగారి కోసం పరిచిన ఎర్ర తివాచీ మీద కాసేపు కూర్చున్నాడు. ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. ఆట అయ్యాక కోపంతో మీదికి వస్తున్న ఆటగాళ్ళ మధ్య నుంచి క్రైట్లైన్‌ని బయటికి తేవడానికి ఆస్టన్, పోలీసులు అడ్డుగా నిలబడాల్సి వచ్చింది.

ఆస్టన్‌కి ఇది కొత్త దృశ్యం కాదు. నాలుగేళ్ళ క్రితం శాంటియాగోలో వేలు చూపించినవాడు ఆయనే, నిలబడిపోయినవాడు ఫెర్రీని.

కథలో ఇంకో పేచీ ఉంది. ఆ మ్యాచిలో ఇంగ్లండ్ అన్నదమ్ములు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్ ఇద్దరి పేర్లూ రిఫరీ పుస్తకంలో ఎక్కాయి. ఆ సంగతి వాళ్ళకే తెలీదు! మర్నాడు పేపర్లో చూసి తెలుసుకున్నారు. నిజమేనా కాదా అని ఇంగ్లండ్ వాళ్ళు ఫిఫాని అడగాల్సి వచ్చింది. హెచ్చరిక అందుకున్నవాడికే తనకి హెచ్చరిక వచ్చిందని తెలియకపోతే ఇక ఆ హెచ్చరిక దేనికి? మళ్ళీ తప్పు చెయ్యకుండా ఎలా జాగ్రత్తపడతాడు? రాటిన్ భాష రానివాడు సరే, చార్ల్‌టన్‌లది ఆ దేశమే కదా. మాట మీద, పుస్తకంలో రాసుకునే పేరు మీద ఆధారపడితే సొంత దేశంలో కూడా ఇంతేనని తేలింది.

సిగ్నల్ దగ్గర వచ్చిన ఆలోచన

వెంబ్లీ నుంచి ఆస్టన్ కారులో వస్తున్నారు. బుర్రలో ఇదే తిరుగుతోంది. కెన్సింగ్టన్ హైస్ట్రీట్‌లో వస్తుంటే ట్రాఫిక్ సిగ్నల్ పసుపుకి మారింది, తర్వాత ఎరుపు పడింది. కారు ఆపారు. అప్పుడే తట్టింది. ఇక్కడ ఏ భాషవాడైనా ఆగుతాడు. పసుపు అంటే నెమ్మదించు. ఎరుపు అంటే ఆగు, ఇక నీ పని అయిపోయింది. ఎవరూ ఎవరికీ అనువదించనక్కర్లేదు.

ఇంటికి వెళ్ళి భార్య హిల్డాకి చెప్పారు. ఆయన తర్వాత చెప్పుకున్న దాని ప్రకారం, ఆమె మారు మాట్లాడకుండా పక్క గదిలోకి వెళ్ళి, కాసేపటికి రెండు ముక్కలతో తిరిగి వచ్చారు. బడిపిల్లలు బొమ్మలు చేసుకునే రంగు అట్ట. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. చొక్కా జేబులో పట్టేంత కొలతకి కత్తిరించి ఇచ్చారు. ఆలోచన ఆయనది. దాన్ని చేత్తో పట్టుకోగల వస్తువుగా చేసింది ఆమె. సిగ్నల్ దీపాన్ని మైదానంలోకి మోసుకెళ్ళలేం కదా. జేబులో పట్టాలని, తీసి పైకెత్తడానికి వీలుగా ఉండాలని ఆ కత్తెరకి తెలిసింది. ఆస్టన్ గురించి చెప్పే చాలామంది ఈ గది సంగతి వదిలేస్తారు. మన కాలేజీ గోడ మీద మాత్రం వదలకూడదు.

కార్డు బయటికి వచ్చిన రోజు

1970 మే 31న మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో మెక్సికో, సోవియట్ యూనియన్ మధ్య ప్రపంచ కప్పు తొలి మ్యాచి జరిగింది. పసుపు కార్డు అక్కడ మొదటిసారి గాల్లోకి లేచింది. ప్రపంచ కప్పు రంగుల్లో ప్రసారమైంది కూడా ఆ ఏడాదే. ఆటగాడికి తెలిసింది, కోచ్‌కి తెలిసింది, పై వరసలో కూర్చున్నవాడికీ, వేరే ఖండంలో టీవీ ముందున్నవాడికీ అదే క్షణంలో తెలిసింది. ఆ ప్రపంచ కప్పు మొత్తంలో ఎర్ర కార్డు ఒక్కసారి కూడా బయటికి రాలేదు. పసుపుతోనే సరిపోయింది.

ప్రపంచ కప్పులో తొలి ఎర్ర కార్డు 1974లో పశ్చిమ జర్మనీతో ఆడిన చిలీ ఆటగాడు కార్లోస్ కాజేలీకి పడింది. చూపించింది టర్కీ రిఫరీ. చిలీ దేశస్థుడు, టర్కీ రిఫరీ, జర్మనీ గడ్డ. దుబాసీ కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఇంగ్లండ్ లీగ్ మాత్రం తమ మనిషి ఆలోచనని 1976 దాకా తీసుకోలేదు. 1981లో మళ్ళీ పక్కన పెట్టి, 1987లో తిరిగి తెచ్చుకుంది. ఇంట్లో వాళ్ళ మాట చివర వినడం అక్కడ కూడా ఉంది.

ఫుట్‌బాల్ దగ్గరే అది ఆగలేదు. హాకీలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు వచ్చాయి. వాలీబాల్‌లో పసుపు, ఎరుపు ఉన్నాయి. మన పల్లెల్లో పుట్టి పెరిగిన కబడ్డీలో కూడా ఇవాళ రిఫరీ చేతిలో కార్డులు చూస్తున్నాం.

ఆస్టన్ చేసిన ఇతర మార్పులు కూడా ఇదే కోవలోవి. 1966లో ప్రతి మ్యాచికీ ఒక అదనపు రిఫరీని సిద్ధంగా ఉంచే పద్ధతి పెట్టారు, మైదానంలో ఉన్నాయనకి ఏమన్నా అయితే ఆట ఆగకూడదని. ఇవాళ గీత బయట నిలబడే నాలుగో అధికారి ఆ పద్ధతి నుంచి వచ్చినవాడే. బంతిలో గాలి ఎంత ఉండాలో నిబంధనల్లో అంకెలతో రాయించారు. అంతకుముందు అది ఎవరి చేతి అంచనా వాళ్ళది. 1974లో ఆటగాణ్ణి మార్చేటప్పుడు నంబర్లున్న బోర్డు ఎత్తి చూపించే పద్ధతి తెచ్చారు. ఎవరు బయటికి, ఎవరు లోపలికి అని కేకలు వేసే పని తప్పింది.

కార్డు చెయ్యలేనిది

కార్డు వచ్చింది కాబట్టి మైదానంలో అన్యాయం పోయిందా? పోలేదు. 2006 ప్రపంచ కప్పులో పోర్చుగల్, నెదర్లాండ్స్ మ్యాచిలో రిఫరీ 16 పసుపు కార్డులు, 4 ఎర్ర కార్డులు చూపించినా కొట్లాట ఆగలేదు. అదే ప్రపంచ కప్పులో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచి నడిపిన ఇంగ్లండ్ రిఫరీ ఒకే ఆటగాడికి మూడు పసుపు కార్డులు చూపించాడు. రెండోది పడగానే పంపెయ్యాల్సింది, పుస్తకంలో పేరు తప్పుగా రాసుకున్నాడు. కార్డు ఎత్తే చెయ్యి మనిషిదే, చూసే కన్నూ మనిషిదే.

శాంటియాగోలో ఆస్టన్ జేబులో కార్డులు ఉండి ఉన్నా సాంచెజ్ దెబ్బ ఆయన కంటపడేది కాదు. కానీ ఫెర్రీని అన్ని నిమిషాలు నిలబడి ఉండేవాడు కాదేమో. ఎర్ర కార్డు ఎత్తాక అర్థం కాలేదనడానికి ఎవరికీ వీలుండదు. రిఫరీకి కూడా తప్పించుకునే దారి ఉండదు. హెచ్చరించాననీ, లేదనీ తర్వాత మాట మార్చలేడు, అందరూ చూశారు కాబట్టి. కార్డు తీర్పుని సరైనదిగా మార్చదు, తీర్పుని బయటపెడుతుంది. బయటపడిన తీర్పుని ప్రశ్నించవచ్చు. పుస్తకంలో దాక్కున్న తీర్పుని ప్రశ్నించడానికి కూడా చార్ల్‌టన్ సోదరులు మర్నాటి పేపరు దాకా ఆగాల్సి వచ్చింది.

మన జీవితాల్లో కూడా అర్థం కాని భాషలో తీర్పులు పడుతూనే ఉంటాయి. భాష రాని ఊళ్ళో ఆస్పత్రి కాగితం, బ్యాంకు నోటీసు, కోర్టు సమన్లు. చదివి చెప్పేవాళ్ళ కోసం ఎదురుచూసే అమ్మమ్మలు మన ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకి రాటిన్ అడిగిన దుబాసీ ఇప్పటికీ అవసరమే. రంగు అట్టతో తీరే సమస్య ఆటది. తక్కిన చోట ఆ పని భాష చదువుకున్న మనమే చెయ్యాలి.

చివరి పాతికేళ్ళు

మైదానం వదిలాక కూడా ఆస్టన్ పంతులుగానే ఉన్నారు. ఏళ్ళ తరబడి అమెరికా వెళ్ళి, పిల్లల ఫుట్‌బాల్ నడిపే సంస్థలో రిఫరీలకి పాఠాలు చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు, ఆడే పిల్లల తల్లులు, తండ్రులు. ప్రపంచ కప్పు రిఫరీలకి చెప్పిన శ్రద్ధతోనే వాళ్ళకీ చెప్పారని పేరు. 1997లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చింది. 2001 అక్టోబరు 23న, 86వ ఏట కన్నుమూశారు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ కొందరు శాంటియాగో యుద్ధమే గుర్తు చేస్తారు. అది కూడా ఆయన జీవితంలో భాగమే. అది దాచి మిగతాది చెబితే కార్డుల కథ సగమే అవుతుంది.

2022 డిసెంబరు 1న ఖతార్‌లో కోస్టారికా, జర్మనీ పురుషుల జట్ల మధ్య ప్రపంచ కప్పు మ్యాచి జరిగింది. రిఫరీ ఫ్రాన్స్‌కి చెందిన స్టెఫానీ ఫ్రాపార్. పురుషుల ప్రపంచ కప్పు మ్యాచి నడిపించిన మొదటి మహిళ ఆమె. ఇద్దరు సహాయకులు కూడా మహిళలే, ఒకరు బ్రెజిల్, ఒకరు మెక్సికో. ఒక జట్టుది స్పానిష్, ఇంకో జట్టుది జర్మన్, రిఫరీది ఫ్రెంచి. ఆమె జేబులో ఉన్నవి మాత్రం హిల్డా పక్క గదిలో కత్తిరించి తెచ్చిన ఆ రెండు రంగులే.